తడికాళ్ళ పాట

అమీర్‌పేట
1937 ఆగస్టు 9

నవోమీ,

ప్రభువు నీ చెవులను కాపాడుగాక. క్షేమసమాచారాల కంటే ముందు నీ చెవుల మాటే ఎత్తుతున్నాను, తప్పు అక్కడే మొదలైంది కాబట్టి.

"అమ్మమ్మ పాట ఇక్కడ ఒక ముసలాయన నోట విన్నాను మామయ్యా" అని రాశావు. ఎక్కడ విన్నావు? సారాకొట్టు వెనక గదిలో! దొరవారి పిల్లలకు నర్సువై సీమకు పోయినదానివి సారాకొట్టు గడప ఎందుకు తొక్కావు? పంజాగుట్ట కింద మన ప్రార్థనశాలలో ఇన్నేళ్ళుగా కన్నీళ్ళతో పాడుకునే పాట తాగుబోతుల నోట ఉండటమేమిటి?

నువ్వు మరిచిపోయి ఉంటే మళ్ళీ చెబుతాను. మూసీ వరద వచ్చిన ఏడు నువ్వు పాలు తాగే పిల్లవు. నా చెల్లెలు యేసుమణి, చెట్టెక్కిన వాళ్ళ చేతుల్లోకి నిన్ను అందించి తాను నీళ్ళలో పోయింది. మనిషీ దొరకలేదు, మట్టీ దొరకలేదు. మా అమ్మ కృపావరం జెకర్యాలా మూగబోయింది. చాలా రోజులకు, ఒక తెల్లవారుజామున నోరు తెరిచి పాడింది. అక్షరం ముక్క రాని మనిషి. ఈ దేశంలో ఎవరూ ఎరగని రాగం.

తలుపు కొట్టేది ఎవ్వరు, తెల్లారక ముందు ఎవ్వరు?
నేనే, నీళ్ళు దాటొచ్చిన, తలుపు తియ్యి నేనే.

తలుపు దగ్గర నిలబడి తట్టేది ఎవరో, నీళ్ళ మీద నడిచేది ఎవరో ఆదివారపు బడి పిల్లల్ని అడిగినా ప్రభువనే చెబుతారు. ఆ పాట పరలోకం నుంచి దిగింది. ఆ సాక్ష్యం చెబుతూనే నేను ఊరూరా తిరిగాను. అది విన్నవాళ్ళే మన సంఘమయ్యారు.

మూడో చరణానికి మాటలు లేవు. అమ్మ రాగం మాత్రం తీస్తూ పక్కనున్న వాళ్ళ పాదాలు కొంగుతో తుడిచేది. మనమూ అదే చేస్తున్నాం. సికింద్రాబాద్ నుంచి ఒక పాదిరిగారు వచ్చి చూసి నవ్వారు. "కడగకుండా తుడవడమేమిటయ్యా?" అన్నారు. "కడగడం ప్రభువు కానిచ్చాడు. తుడవడం మన వంతు" అన్నాను.

ఇప్పుడు చెప్పు. ఆ పాట సీమ సారాకొట్టుదైతే నా సాక్ష్యం ఏం కావాలి? ఇన్నేళ్ళూ నేను నిలబడి అబద్ధం బోధించినట్టా? మళ్ళీ సరిగ్గా విని రాయి.

నిన్ను పెంచిన మామయ్య,
సాలమన్


మార్లీ కోవ్
1937 సెప్టెంబరు 20

మామయ్యకు నవోమి నమస్కారాలు.

ఇక్కడ సముద్రం ప్రతిరోజూ ఊరిని వదిలి పోతుంది, ప్రతిరోజూ మనసు మార్చుకుని వస్తుంది. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక కనుచూపు మేర ఆకాశాన్ని పరుచుకుని పడుకుంటుంది. గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళు మబ్బుల మీద నడుస్తున్నట్టే ఉంటారు. చూస్తూ నిలబడితే నేను మెలకువలో ఉన్నానో లేదో నాకే తెలియదు.

ముందు సారాకొట్టు సంగతి. దాని యజమాని తండ్రి పెథిక్ తాత మంచం మీద ఉన్నాడు. కాలికి పుండు. కట్టు మార్చడానికి పోయాను. నేను కట్టు విప్పుతుంటే నొప్పి మరిచిపోవడానికి ఆయన కూనిరాగం తీశాడు. నా చేతులు ఆగిపోయాయి. ఆ గది, ఆ మందు వాసన, కిటికీలోని సముద్రం అన్నీ పోయాయి. అమ్మమ్మ ఒడిలో ఉన్నాను. కొంగు నా పాదాల మీద ఆడుతోంది.

నేను సరిగ్గానే విన్నాను మామయ్యా.

ఈ ఊరి పాట అది. పేరు తడికాళ్ళ పిల్ల. గుల్లలు ఏరుకునే పిల్ల ఒకతె ఇసుకలో దూరం పోయి, తిరిగొచ్చే సముద్రానికి చిక్కింది. తెల్లవారకముందు వచ్చి తల్లి తలుపు తట్టింది. తల్లి తెరిచి, నీ కాళ్ళు ఎందుకంత తడిగా ఉన్నాయని అడిగింది. ఆ తర్వాత ఒక చరణం పోయింది. చివరి చరణంలో కోడి కూస్తుంది, పిల్ల వెళ్ళిపోతుంది. పడవలవాళ్ళు అపశకునమని పాడనివ్వకపోవడంతో పాట మరుగున పడింది. ఇప్పుడు పెథిక్ తాత ఒక్కడికే వచ్చు.

ఇక్కడ టారంట్ అని ఒక టీచరమ్మ ఉంది. బడి ఉద్యోగం నుంచి విరమణ పొంది, సైకిల్ మీద ఊళ్ళు తిరిగి ఇలాంటి పాటలు వెతుకుతుంది. ఈ పాటను మళ్ళీ ఊరిచేత పాడించాలని ఆమె ఆశ. పోయిన చరణం కోసం ఎక్కని గుమ్మం లేదు. "ఆ తల్లి ఏం చేసింది? అది తెలియకపోతే పిల్ల అలాగే చీకట్లోకి పోతుంది. అలాంటి పాట ఏ తల్లీ పాడదు" అంటుంది.

ఆ తల్లి ఏం చేసిందో నాకు తెలుసనిపిస్తోంది. నా పాదాలకు తెలుసు.

ఆమెకింకా ఏమీ చెప్పలేదు. ముందు మీరు చెప్పండి. వరదకు ముందు అమ్మమ్మ ఎక్కడ పనిచేసేది?

మీ
నవోమి


అమీర్‌పేట
1937 నవంబరు 2

నవోమీ,

బైబిల్లో నీ పేరు గల ఆమె మోయాబు దేశం పోయి ఏం బావుకుందో తెలుసు కదా. చేదు మిగుల్చుకుని వచ్చింది. అయినా వచ్చింది. నువ్వు ఆ మాట ఎత్తవు.

చచ్చినవాళ్ళు తలుపు తట్టడం! చచ్చినవాణ్ణి లేపమని ఏన్దోరు మంత్రగత్తె దగ్గరికి పోయిన సౌలుకు ఏం జరిగిందో నీకు నేను నేర్పలేదా? ఆ టీచరమ్మ ఎవరు? పాట పుస్తకంలో వేసుకుని పేరు తెచ్చుకోవాలని చూస్తోంది. నువ్వు ఎంతకు ఒప్పుకున్నావు?

ఇక్కడ నా పరువు టాంగా ఎక్కి తిరుగుతోంది. స్టేషన్‌లో రైలు పట్టాల పాయింట్లు మార్చే పని ముగించుకుని బయటికి వస్తే మన బాబూ మియా గుర్రానికి గడ్డి వేస్తూ ఏమన్నాడో తెలుసా?

"సాలమనన్నా, నీ మేనకోడలు దర్యా ఒడ్డుకు దయ్యాల పాట ఇన్నదంట గద!"

"ఎవడు చెప్పాడురా?"

"నువ్వే గదనే! నిన్న నా టాంగల కూసోని బల్కంపేట దాంక మొత్తుకుంటనే ఉన్నవ్. నా గుర్రానికి సుత కంఠతా వచ్చింది."

సంఘపెద్ద సత్యరాజు చెవిన కూడా పడింది. పోయిన ఆదివారం మూడో చరణం దగ్గర పక్కవాడి పాదాలు తుడవకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. వరదకు చాలా ముందు, మేం పిల్లలుగా ఉన్నప్పుడు, అమ్మ బొల్లారం లష్కరులో ఒక సార్జంటు ఇంట ఆయా. అయితే ఏమిటి? మోషే ఫరో ఇంట్లో పెరిగాడు. సముద్రం దాటాక ఐగుప్తు పాటలు పాడాడా?

కోపంతోనే, అయినా ప్రార్థనతో,
సాలమన్


మార్లీ కోవ్
1938 జనవరి 16

మామయ్యా,

నేను ఏదీ అమ్మలేదు. టీచరమ్మ పుస్తకానికి డబ్బు ఇచ్చేవాళ్ళు లేరు, తీసుకునేవాళ్ళూ లేరు. ఆమె గుడిలో ఆర్గాను వాయిస్తుంది, దయ్యాలను పిలవదు. అలాంటి మాట మీరు అన్నారని తెలిస్తే నవ్వి నవ్వి సైకిల్ మీంచి పడుతుంది.

పొగమంచు కమ్మి ఊరంతా పాలల్లో మునిగినట్టుంది. దీపస్తంభం గంట మాత్రం వినబడుతోంది. ఈ పొగమంచులో పెథిక్ తాతకు కట్టు మార్చడానికి పోయి, మాది ఏ ఊరో చెప్పాను. ఆయన లేచి కూర్చోబోయాడు. వాళ్ళ పెద్దక్క ఆగ్నెస్ సిపాయిని పెళ్ళాడి మన దేశం పోయిందట. ఎక్కడికని అడిగితే కళ్ళు మూసుకుని ప్రార్థనలో మాట చెప్పినట్టు చెప్పాడు: "సికింద్రాబాద్." చిన్నప్పుడు ఆయనను నిద్రపుచ్చింది ఆ అక్కేనట, ఈ పాటతోనే. పోయిన కొద్ది ఏళ్ళకే అక్కడ జబ్బు చేసి చనిపోయిందని ఒక కార్డు వచ్చిందట.

"అక్కడ మా అక్క సమాధి మీద ఎవరైనా పూలు పెడతారా అమ్మాయీ?" అని అడిగాడు.

నేనేం చెప్పను మామయ్యా?

మీ సాక్ష్యం మీది. మీరు ఇవ్వమంటేనే మూడో చరణం సంగతి టీచరమ్మకు చెబుతాను. లేదంటే నాతోనే ఉంటుంది. ఇది మాట.

మీ బిడ్డ,
నవోమి


అమీర్‌పేట
1938 మార్చి 7

నవోమీ,

బొల్లారం పోయివచ్చాను. బాబూ మియాను పొద్దున్నే లేపి టాంగా కట్టించాను. హుస్సేన్‌సాగర్ మీద మంచు ఇంకా లేవలేదు. నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ మంచులో అమ్మ నా ముందు కూర్చుని ఉన్నట్టే అనిపించింది, ఒడిలో బంతిపూలతో.

ఎందుకంటే ఆ దారి నాకు తెలుసు. అమ్మ ఏటా నన్నూ, యేసుమణినీ ఆ లష్కరు సమాధుల దొడ్డికి తీసుకుపోయేది. "మన దొరసాని" అనేది. బంతిపూలు పెట్టేది. తర్వాత వంగి, రాతి అడుగు భాగాన్ని కొంగుతో తుడిచేది. దుమ్ము తుడుస్తోందనుకునేవాణ్ణి. పైన ఎంత దుమ్మున్నా ముట్టేది కాదు, కాళ్ళవైపే తుడిచేది. అది నాకు అప్పుడు తట్టలేదు.

రాయి ఉంది. స్టేషన్ బోర్డుల మీద నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలతో కూడబలుక్కున్నాను. ఆగ్నెస్. కింద మార్లీ కోవ్ అని కూడా ఉంది.

ఎంతసేపు ఉన్నానో తెలియదు. బాబూ మియా నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, కబర్ కాళ్ళు తుడుస్తున్నవా?"

చూసుకుంటే నా కండువా నా చేతిలో ఉంది. ఆ రాతి అడుగు తడిగా ఉంది, మంచువల్ల కావచ్చు.

ఆ ముసలాయనకు చెప్పు. పూలు పెట్టారు. ఇకముందు కూడా పెడతారు. అది నా మాట.

పాట సంగతి మాత్రం ఇప్పుడే అడగకు. ఏటా మనం తలుచుకునే వరద దినాన నేను సంఘం ముందు నిలబడాలి. యాకోబు దేవదూతతో తెల్లవారేదాకా పెనుగులాడి కుంటుతూ లేచాడు. నాకింకా తెల్లవారలేదు.

సాలమన్


మార్లీ కోవ్
1940 అక్టోబరు 27

మామయ్యా,

ఇది చేరుతుందో లేదో. ఓడలు మునుగుతున్నాయి. బొల్లారం ఉత్తరం తర్వాత మీ దగ్గర్నుంచి ఒక్కటీ రాలేదు. నేను రాసినవి మీకు అందాయో లేదో తెలియదు. యుద్ధం రాకముందే ఆగిపోయాయి కాబట్టి కోపమేననుకుంటున్నాను. నావల్ల మీ సంఘం చెదిరిందేమో. కోపగించుకోవడానికి మీకు హక్కుంది.

పెథిక్ తాత పోయాడు. పూల సంగతి చెప్పినప్పుడు ఏ పూలని అడిగాడు. బంతిపూలని చెప్పి వాటి రంగు చూపించడానికి నారింజ తొక్క తెచ్చాను. దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు.

దొరవారి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. నేను ఊరి ఆస్పత్రిలో చేరాను. ఇంటికి రావడానికి ఓడ లేదు. రాత్రిళ్ళు దీపాలు వెలిగించకూడదు కాబట్టి సముద్రం కనబడదు, ఊపిరి తీస్తున్నట్టు వినబడుతుంది. మొన్న ఒక చేపల పడవ నీళ్ళలో పెట్టిన మందుపాతర మీదికి పోయింది. ఎవరూ దొరకలేదు. తల్లులు ఒడ్డున నిలబడి ఉన్నారు, మా అమ్మ కోసం అమ్మమ్మ నిలబడినట్టు. వాళ్ళలో ఒకామె టారంట్ టీచరమ్మను అడిగింది, "ఆ తలుపు పాట మా చిన్నప్పుడు ఉండేది కదా, పూర్తిగా దొరికిందా?" అని. టీచరమ్మ నా వైపు చూసింది. నా దగ్గర ఏదో ఉందని ఆమెకు ఎప్పుడో తెలుసు. అయినా అడగదు. ఆమెకు ఆరోగ్యం బాగాలేదు.

నేను చెప్పలేదు. మాట ఇచ్చాను కదా.

మీరు దయచేసి ఒక్క ముక్క రాయండి. వద్దని రాసినా చాలు.

నవోమి


అమీర్‌పేట
1941 ఫిబ్రవరి 3

నా తల్లీ,

కోపమా! మొహం చెల్లక ఏడాదికి పైగా ఆగి, యుద్ధం మొదలయ్యాక నీకు రెండు ఉత్తరాలు రాశాను. అవి యోనా పడుకున్న చోట పడుకున్నాయేమో, వాటిని కక్కే చేప దొరకలేదు. నువ్వే నన్ను వదిలేశావని, సీమ నీళ్ళు తాగి మారిపోయావని ఈ నోటితో ఎన్ని మాటలన్నాను! క్షమించు. జరిగింది మళ్ళీ రాస్తున్నాను.

బొల్లారం పోయిన ఏడే, వరద దినాన, ప్రార్థనశాల నిండా జనం. ఎప్పటిలాగే నా సాక్ష్యం కోసం చూస్తున్నారు. లేచాను. "ఈ పాట ఆకాశం నుంచి దిగలేదు" అన్నాను. "బొల్లారంలో ఒక దొరసాని మా అమ్మకు నేర్పింది. నీళ్ళలో పోయిన కూతురు తలుపు తట్టే పాట ఇది. మా అమ్మ కొంగుతో తుడిచింది నా చెల్లెలి కాళ్ళు. నాకు తెలియక ప్రభువు పేరు పెట్టి బోధించాను."

సత్యరాజు లేచాడు. "అంటే అన్నా, గిన్నేండ్లు మనం దయ్యం పిల్ల పాట పాడినమా? నేను గీ పాట ఇనే ఇల్లు వాకిలి ఇడిసి నీ ఎంబడి వచ్చిన!"

అప్పుడు మూలన కూర్చున్న లచ్చమ్మ, మా అమ్మ పక్కనే ఎప్పుడూ కూర్చునే లచ్చమ్మ, కర్ర పట్టుకుని లేచింది.

"ఊకో సత్తిరాజూ. మాకు ఎర్కనే."

"ఏమి ఎర్క?" అన్నాను.

"పాట యేసుమణిదని. మూడో చరణానికి మాటలున్నయి సాలమనూ. బిడ్డలు పోయిన తల్లులకే జెప్పింది మీయమ్మ. నా కొడుకు హుస్సేన్‌సాగర్‌ల పోయిన నాడు నా కాళ్ళ కాడ కూసోని జెప్పింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు జెప్తె ప్రసంగం జేస్తవని."

కొందరు నవ్వారు నవోమీ. ఏడుస్తూనే నవ్వారు. నేనూ నవ్వాను. పేతురులా కత్తి దూసే నా నోటిని మా అమ్మ అంత బాగా ఎరిగి ఉందని అప్పుడే తెలిసింది.

లచ్చమ్మ పాడింది:

తడికాళ్ళ పోకు బిడ్డా, కొంగుతో తుడవనియ్యి,
పొడికాళ్ళ పోయేటోళ్ళకు దూరం గాదు తొవ్వ.

మా అమ్మ పరలోకం తలుపు తెరుచుకోవడం చూసిందని ప్రకటించాను. ఆమె చూసింది తన ఇంటి తలుపే. ఆ గడప మీద నిలబడిన బిడ్డ తడికాళ్ళే. అయినా ప్రభువు ఆ గుమ్మంలో లేడని నేను చెప్పలేను. అన్న పోయిన చెల్లెళ్ళ ఏడుపు విని సమాధి దగ్గర ఆయన కూడా ఏడ్చాడు.

సత్యరాజు వెళ్ళిపోయాడు. అతనితో మూడిళ్ళవాళ్ళు పోయారు. అమీర్‌పేట దారిలో ఎదురుపడితే ముఖం తిప్పుకుంటాడు. అది నాకు నొప్పి, నీకు దాచను. మిగిలినవాళ్ళం ఇప్పుడు గడప దగ్గర ఒక పీట వేసి ఖాళీగా ఉంచుతున్నాం. ఎవరింట్లో ఎవరు పోయినా ఆ పీట వాళ్ళది.

ఆ చరణం ఇచ్చెయ్యి. టీచరమ్మకు ఇయ్యి, ఆ తల్లులకు ఇయ్యి. అది వాళ్ళ ఊరిదే. మన దగ్గర కొంతకాలం తలదాచుకుంది, అంతే. రూతు లాంటిది. వచ్చిన చోట పరాయిదిగా ఉండలేదు.

ఇది చేరుగాక. దీన్ని మూడు కాగితాల మీద రాసి మూడు వారాల తపాలాలో వేస్తున్నాను. సాతాను ఎన్ని ఓడలు ముంచుతాడో చూస్తాను.

నీ మామయ్య,
సాలమన్


మార్లీ కోవ్
1945 మే 30

మామయ్యా,

యుద్ధం అయిపోయింది. కిటికీల నల్లగుడ్డలు తీసేశారు. రాత్రి మళ్ళీ సముద్రం కనబడుతోంది. దీపాల వెలుగు నీళ్ళలో పొడుగ్గా పడి, ఊరు కిందికి కూడా ఉన్నట్టు కనబడుతోంది.

మీ మూడు కాగితాల్లో ఒకటి చేరిందని అప్పుడే రాశాను, మీకు అందిందో లేదో. టారంట్ టీచరమ్మ మంచం మీద ఉండే వింది. నేను మన మాటల్లో పాడి, అర్థం చెప్పాను. ఆమె దాన్ని ఇంగ్లీషులో అల్లుతూ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. కొంగు. వాళ్ళకు కొంగు లేదు కదా. చివరికి వంటింటి ఏప్రన్ అని పెట్టింది. "అదే మా తల్లుల కొంగు" అంది. బడిపిల్లలకు నేర్పింది. ఆ చలికాలమే పోయింది.

నిన్న చర్చిలో, తిరిగిరాని పడవలవాళ్ళ కోసం కూడుకున్నారు. పాట అందరూ పాడారు, అపశకునమన్న పడవలవాళ్ళతో సహా. ఆ చరణం వచ్చేసరికి ముందు వరసలోని ఒక తల్లి కిందికి జారి కూర్చుని, పక్కనున్న ఆమె బూట్లు విప్పి, ఏప్రన్‌తో పాదాలు తుడవడం మొదలుపెట్టింది. నేను ఎవరికీ చెప్పలేదు మామయ్యా. పాటే చెప్పింది. వరస తర్వాత వరస అందరూ వంగారు.

పాదిరిగారు కంగారుపడి నా దగ్గరికి వచ్చారు. "ఇదేమి ఆచారం? కడగకుండా తుడవడమేమిటి?" అని గుసగుసగా అడిగారు.

నేను మీ మాట చెప్పాను. కడగడం ప్రభువు కానిచ్చాడు, తుడవడం మన వంతు అని.

ఆయన పక్క బల్ల మీద కూర్చుని తన బూట్లు విప్పుకున్నారు. ఆయన పాదాలు తుడిచిన నా తువ్వాలు తడిసిపోయింది. అక్కడ ఎవరి పాదాలూ తడిగా లేవు.

ఓడలో చోటు దొరికింది. సెప్టెంబరుకు బొంబాయి చేరతాను. అక్కడి నుంచి రైలు.

మీ
నవోమి


అమీర్‌పేట
1945 జూలై 22

నా తల్లీ,

మొన్న ఆదివారం నీ ఉత్తరం సంఘంలో చదివాను. చదవడం సగంలో ఆగిపోయింది. లచ్చమ్మ అందుకుని, అక్షరం రాని మనిషి, మిగతాది తనకు తెలిసినట్టే చెప్పేసింది. ఏప్రన్ అంటే ఏమిటని అడిగారు. ముందు కట్టుకునే కొంగు అన్నాను.

బయట వాన. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. సత్యరాజు. లోపలికి రాలేదు, పోనూ లేదు. ఏడేళ్ళ కిందట నీళ్ళలో పోయినవాళ్ళ పాట వద్దన్న మనిషి, ఈ ఎండాకాలం తన చిన్నకూతురు నవమాసాలు మోసి కాన్పులో పోయాక, గడప అవతల తడుస్తూ నిలబడ్డాడు. నేను ఏ ప్రసంగమూ చేయలేదు. మా అమ్మ మెచ్చుకునేది. పీట చూపించాను, అంతే. వచ్చి కూర్చున్నాడు. నా కండువాతో అతని కాళ్ళు తుడిచాను. బురద కాళ్ళు. నిజంగా తడిసిన కాళ్ళు తుడవడం నాకు అదే మొదటిసారి.

నిన్ను దింపుకోవడానికి నేను పనిలో ఉండే స్టేషన్‌కే రైలు వస్తుంది. పాయింటు నేనే మారుస్తాను. బాబూ మియా ముసలివాడయ్యాడు, గుర్రం కొత్తది, అయినా టాంగా నేనే కడతానని ఇప్పటినుంచే గొడవ. నువ్వు వచ్చేసరికి వరద దినం దగ్గరపడుతుంది. మన దగ్గర అప్పటికి వానలు వెనకబట్టవు. పంజాగుట్ట దారంతా మోకాలిలోతు నీళ్ళుంటాయి.

గొడుగు తెచ్చుకోకు. కాళ్ళు తడవనీ.

గడప దగ్గర నీ మామయ్య,
సాలమన్